తువాలు కింద ధర

ముప్పై రెండేళ్లు
గుంటూరు మిర్చి యార్డులో
నా నోరు ధర చెప్పలేదు.
వేళ్లు చెప్పాయి.
తువాలు కప్పి, కొనేవాడి చేతిలో చెయ్యి పెట్టి
చూపుడువేలు పట్టుకుంటే ఒకటి,
గుప్పిట మొత్తం పట్టుకుంటే ఐదు.
పక్క కొట్టువాడు మెడ సాచినా అందని అంకె.

ఒక ఫిబ్రవరి పొద్దున
తేజా రకం టిక్కీల మధ్య
ఘాటుకి అందరూ తుమ్ముతుంటే
నా చెయ్యి నన్నడక్కుండా
ధర పెంచింది, తగ్గించింది, మళ్లీ పెంచింది.
"సుభానీ భాయ్, ఎంతంటావ్? ఆరా? ఏడా?"
నేనేమీ అనలేదు.
అంటున్నది నేను కాదు.

కొత్తపేటలో డాక్టరు
కాగితం మీద నత్తగుల్ల చుట్టలు గియ్యమన్నాడు.
గీసింది చూసి పెన్నుకి మూత పెట్టేశాడు.
ఖాతా పుస్తకంలో నా అక్షరాలు
ఎప్పటినుంచో చీమలవుతున్నాయట.
మా గుమాస్తా నాకు చెప్పలేదు,
భూతద్దం కొనుక్కున్నాడు.

బ్రాడీపేట నాలుగో లైన్లో, టైలరు కొట్టు మేడ మీద
వకుళ మృదంగం నేర్పుతుంది.
వాళ్ల తాత డోలు చిలకలూరిపేట దాటి
పెళ్లిళ్లకి వెళ్లేదట.
మంగళవారం, శుక్రవారం,
మాత్ర వేసుకున్న ముప్పావుగంటకి, మేం ఐదుగురం.
మా మొహాలు నవ్వవు.
ఈ జబ్బు నవ్వుని ముందే ఎత్తుకుపోతుంది.
కొత్తగా చూసినవాళ్లు
ఆస్తి తగాదా పంచాయితీ అనుకుంటారు.

మొదటి నెల వాయిద్యం ముట్టనివ్వలేదు.
బొంబాయి రవ్వ తడిపి ముద్ద పిసకమంది.
ఎడమవైపు తోలుకి అద్దుతారు దాన్ని,
గొంతు బరువెక్కాలని.
ఇంట్లో పిసుకుతుంటే ఖాజాబీ
"తినే రవ్వని తోలుకి పూస్తారా" అని
మిగిలింది లాక్కుని ఉప్మా చేసింది.

రెండో నెల
త. ది. తోం. నం.
నాలుగే దెబ్బలు.
నా కుడిచెయ్యి ఐదోది, ఆరోది కూడా వేసింది.
"కొసరు వద్దు సుభాని గారూ" అంది వకుళ.
మాలో ఒకావిడ, పాత డ్రాయింగు టీచరు, మంచి మనిషి,
"ఈ వణుకునే గమకం అనుకుంటే పోలా?" అంది.
వకుళ తల అడ్డంగా ఊపింది.
"గమకం మనం పంపితే వెళ్తుంది.
ఇది మనల్ని పంపుతుంది.
రెంటికీ ఒకే పేరు పెట్టకండి."
నాకు ప్రాణం లేచొచ్చింది.
ఇన్నాళ్లకి ఒకరు
సరుకు చూసి సరైన ధర చెప్పారు.

వణుకు పోలేదు.
రాసుకోండి, పోలేదు.
కానీ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక ఖాళీ ఉంటుంది.
ఒక్కోసారి, మూడో ఆవృతం దాటాక,
ఆ ఖాళీలో చెయ్యి ఊరుకుంటుంది,
వేలం ముగిశాక యార్డు ఊరుకున్నట్టు.
ఎంతసేపో ఒకసారి లెక్కపెట్టాను.
లెక్కపెట్టగానే పోయింది.

మొన్న తెల్లవారుజామున, అజాకి ముందు,
వంటింటి గడప దగ్గర కాళ్లు అతుక్కుపోయాయి.
బంకలో పడ్డ ఈగలా నిలబడ్డాను.
ఇదివరకైతే ఖాజాబీ పరుగున వచ్చి చెయ్యి లాగేది,
ఇద్దరం తూలేవాళ్లం.
ఈసారి వెనక్కి కూడా తిరగలేదు.
అట్లకాడతో పెనం అంచు మీద
త. ది. తోం. నం.
తోం దగ్గర కుడికాలు లేచింది.

నేర్చుకున్నది నేను కదా,
నీకెప్పుడొచ్చింది అన్నాను.
"ఆర్నెల్లు వింటే గోడలకీ వస్తుంది."

టీ తాగాక
నా భుజం మీది తువాలు తీసి
మా ఇద్దరి చేతుల మీద కప్పింది.
నలభై ఏళ్ల కాపురంలో ఎన్నడూ అడగని మాట:
"చెప్పండి, ఇవాళ ధరెంత?"
రెండు వేళ్లు పట్టుకున్నాను.
అవి మూడయ్యాయి, ఒకటయ్యాయి, మళ్లీ రెండు.

"అర్థం కాలేదు" అంది,
తువాలు తియ్యకుండా.
"మళ్లీ."